అగస్టీను శరణాగతి

ఆఫ్రికా ఖండపు ఉత్తరతీరమునకు కొంత లోపలగా, నేటి అల్జీరియా దేశమున, సూక్ అహ్రాస్ అను పట్టణము కలదు. రోమను సామ్రాజ్యకాలమున దాని పేరు టాగస్టే. క్రీ. శ. 354వ సంవత్సరము నవంబరు 13వ తేదీన ఆ ఊర పాట్రీషియసు అను కొద్దిపాటి భూస్వామికి ఒక కుమారుడు కలిగెను. తరువాతి కాలమున హిప్పో నగర పీఠాధిపతియై, పాశ్చాత్య క్రైస్తవలోకమునకు వేయేండ్లకు పైబడి గురుస్థానమున నిలిచిన అగస్టీను ఈతడే. తండ్రి పట్టణసభలో సభ్యుడు, కోపిష్ఠి, అప్పటికి క్రైస్తవుడు కాడు. తల్లి మోనికా పరమభక్తురాలు. మతమున భేదమున్నను ఒక్క విషయమున ఆ దంపతుల కేకాభిప్రాయము కుదిరెను: కుమారుడు వాక్పటిమ గలవాడై పెద్ద పదవులు సంపాదింపవలెను.

బడిలో ఆ బాలునకు బెత్తపు దెబ్బలు తప్పలేదు. నేడు దెబ్బలు తగులకుండ కాపాడుమని అతడు దేవుని వేడుకొనెడివాడు. ఇంటిలోని పెద్దలు అది విని నవ్వెడివారు. నలువది యేండ్లు దాటిన పిదప కూడ ఆ నవ్వు నతడు మరువలేదు. బెత్తముతో నేర్పిన గ్రీకు భాష అతనికి జీవితాంతము గిట్టలేదు. కాని వర్జిలు మహాకవి లాటిను కావ్యమున డైడో రాణి ప్రాణత్యాగము చేసికొను ఘట్టము చదివి కన్నీరు కార్చెను. వీపున వాత తేల్చు పాఠమునకును, కంట నీరు తెప్పించు పాఠమునకును గల భేదము ఉపాధ్యాయు లెరుగనిది కాదు.

16వ యేట, పైచదువునకు వలయు ద్రవ్యము తండ్రి సమకూర్చునంతవరకు, ఒక సంవత్సరము ఇంట ఊరక యుండవలసి వచ్చెను. ఆ సోమరికాలమున ఒక రాత్రి తోడిబాలురతో కలసి పొరుగువారి బేరిచెట్టును దులిపెను. ఆకలి లేదు. ఇంట అంతకంటె మంచి పండ్లే యున్నవి. దొంగిలించిన కాయలను చాలవరకు పందులకు పారవైచిరి. పీఠాధిపతియైన పిదప ఈ బేరికాయలను గూర్చి అతడు పుటలకు పుటలు వ్రాసెను. ఇంత స్వల్పమునకు అంత విచారమేల యని చదువరులు కొందరు ఆశ్చర్యపడుదురు. వస్తువుపై ఆశయే యున్నచో ఆ దొంగతనమునకు ఒక కారణము చెప్పవచ్చును. ఇచట ఆశ లేదు, అవసరము లేదు. కూడని పని యగుటయే దాని రుచి. మనుష్యుని కోరిక వస్తువును మించి ఎంత లోతునకు వ్రేళ్లు పాతుకొనియున్నదో అతడు ఆ చెట్టుక్రిందనే చూచెను.

ఊరి సంపన్నుడు రొమేనియానసు సాయము చేయగా 17వ యేట కార్తేజి నగరము చేరెను. చదువున అందరికంటె ముందుండెను. ఆ నగరముననే ఒక స్త్రీతో కాపురము పెట్టెను. తనకంటె తక్కువ అంతస్తున పుట్టిన స్త్రీని వివాహము లేకయే ఇంట నుంచుకొనుట నాటి రోమను సమాజమున వింత కాదు; చట్టమును దానిని సహించెను. సుమారు 372లో వారికొక కుమారుడు కలిగెను. వానికి అడియోడాటసు అని పేరు పెట్టిరి. మన భాషలో దైవదత్తుడని అర్థము. కోరిక వలన కలిగిన బిడ్డకు తల్లిదండ్రులు పెట్టిన పేరది.

మన విప్రనారాయణుని కథలో దేవదేవికి పేరు కలదు, మాట కలదు, తుదకు భక్తిలో భాగమును కలదు. సారంగు తమ్మయ రచించిన వైజయంతీవిలాసము చదివినవా రామెను మరువలేరు. అగస్టీను తన జీవితమును గూర్చి పదమూడు భాగముల గ్రంథము వ్రాసియు, తనతో పదమూడు పదునాలుగు సంవత్సరములు కాపురము చేసిన ఈ స్త్రీ పేరు ఒక్కచోటనైన చెప్పలేదు. మర్యాదకై దాచెనో, బాధచే వ్రాయలేకపోయెనో! ఆమెయందు తాను ద్రోహము లేక వర్తించితినని మాత్రము చెప్పెను.

19వ యేట సిసిరో రచించిన హోర్టెన్సియసు అను గ్రంథము అతని చేత పడెను. ధనకీర్తులకంటె జ్ఞానమే కోరదగినదని బోధించు ఆ గ్రంథము అతని మనస్సును ఒక్కసారి పైకి లేపెను. వెంటనే బైబిలు చదువబోయెను గాని, సిసిరో వచనమున కలవాటుపడిన చెవికి దాని శైలి మోటుగా తోచి ప్రక్కన పెట్టెను. అటుపిమ్మట మానీ మతమున చేరెను. పర్షియా సామ్రాజ్యమున పుట్టిన ఆ మతము ప్రకారము లోకమున వెలుగు, చీకటి అను రెండు శక్తులు నిత్యము పోరాడుచుండును. మనుష్యుడు పాపము చేసినచో అది వానిలోని చీకటి చేసిన పనియే గాని వాని పని కాదు. ఇంద్రియములకు లోబడియు నిందకు లోబడకుండుటకు ఇంతకంటె అనువైన సిద్ధాంతము దొరకునా? అగస్టీను తొమ్మిదేండ్లు అందులో నుండెను. ఫౌస్టసు అను ఆ మతాచార్యుడు తన సందేహములను తీర్చునని చిరకాలము వేచియుండెను. 383లో ఆయన రానే వచ్చెను. మాటలో తీపియే గాని చదువులో లోతు లేదని అగస్టీను గ్రహించెను. ఆ మతముపై విశ్వాసము నాటితో సడలెను.

కార్తేజిలో అతడు అలంకారశాస్త్రము బోధించుచుండెను. విద్యార్థులు తమది కాని తరగతిలో చొరబడి అల్లరి చేయుట అచటి ఆచారము. రోములో శిష్యులు నెమ్మదిగా నుందురని విని 383లో ఓడ యెక్కెను. వెంట వత్తునని పట్టుపట్టిన తల్లితో, మిత్రుని సాగనంపవచ్చితినని అబద్ధమాడి, ఆమె రేవు దగ్గరి గుడిలో ప్రార్థించుచుండగా రాత్రికి రాత్రి వెడలిపోయెను. రోము విద్యార్థులు నెమ్మదిపరులే గాని, జీతమిచ్చు దినము రాగానే గుంపుగా మరియొక గురువును చేరుకొనెడివారు! మరుసటియేట, నగరాధికారి సిమ్మాకసు సిఫారసుపై, చక్రవర్తి నివాసమైన మిలాను నగరమున ప్రభుత్వాలంకారికుని పదవి లభించెను. 30 ఏండ్లకే ఆఫ్రికా పల్లెటూరివాడు రాజసభ మెట్లెక్కెను. కొన్నేండ్లు ఓపిక పట్టినచో ఒక రాష్ట్రమునకు పాలకుడగుటయు అసాధ్యము కాదు.

385లో ఒకనాడు చక్రవర్తిని పొగడుచు ఉపన్యసింపవలసియుండెను. అందులో చెప్పబోవునవి చాలవరకు అబద్ధములే. వినువారికిని ఆ సంగతి తెలియును. ఆ ఆందోళనతో వీధిన పోవుచుండగా, త్రాగి నవ్వుచున్న బిచ్చగాడొకడు కనబడెను. కొద్దిపాటి నాణెములతో ఆ బిచ్చగాడు సంపాదించిన సంతోషమును తాను ఇన్ని యేండ్ల శ్రమతో సంపాదింపలేకపోతినని మిత్రులతో చెప్పుకొని కుమిలెను. బిచ్చగాని మైకము రాత్రి నిద్రతో దిగిపోవును. తన కీర్తిమైకముతో తాను నిద్రించి, దానితోనే లేచుచుండెను.

మిలాను పీఠాధిపతి ఆంబ్రోసు మహావక్త. అగస్టీను మొదట ఆయన మాటలతీరు వినుటకే దేవాలయమునకు పోయెను. క్రమముగా మాటలతోపాటు అర్థమును చెవి సోకెను. తాను మోటుదని త్రోసివేసిన గ్రంథమున లోతులు కనబడసాగెను. ఏకాంతమున మాటలాడగోరి ఆంబ్రోసు గదికి పోయిన ప్రతిసారి, ఆయన పెదవి కదపక మౌనముగా చదువుకొనుచు కనబడెడివాడు. భంగపరుపనొల్లక అగస్టీను కొంతసేపు కూర్చుండి తిరిగివచ్చెడివాడు.

ఇంతలో మోనికా సముద్రము దాటి మిలాను చేరెను. పదవి వృద్ధికి రావలెనన్న కులీనుల ఇంట వివాహమాడవలెను. ధనము గల ఒక కుటుంబపు బాలికతో సంబంధము నిశ్చయమయ్యెను. ఆమెకు వివాహయోగ్యమైన వయస్సు వచ్చుటకు ఇంకను సుమారు రెండేండ్లు గడువు కలదు. ఆ లోపల, వివాహమునకు అడ్డమని, కుమారుని తల్లిని ఆఫ్రికాకు పంపివేసిరి. ఇక ఏ పురుషుని ముఖము చూడనని దేవునియెదుట వ్రతము పట్టి, బిడ్డను తండ్రివద్ద విడిచి ఆమె వెడలిపోయెను.

పాఠకులు పొరబడు చోటిది. అగస్టీను దేవునికొరకు ఆమెను త్యజించెనని సామాన్యముగా తలంతురు. అది నిజము కాదు. ఆమెను త్యజించినది పదవికొరకు, వరకట్నముకొరకు, లోకములోని అంతస్తుకొరకు. తన హృదయము చీలి నెత్తురోడినదని అతడు వ్రాసికొనెను. అయినను పెండ్లి గడువు వరకైన ఆగలేక మరియొక స్త్రీని తెచ్చుకొనెను. ఆఫ్రికాకు మరలిన ఆ స్త్రీ ఒక్క మాటతో నిలుపుకొన్న నిగ్రహమును ఆ మహాపండితుడు నిలుపుకొనలేకపోయెను. ఈ సంగతి గుర్తించి, తన సిగ్గుగా లోకమునకు చెప్పినవాడును అతడే. భక్తిలో అతనికి మొదటి గురువు ఆంబ్రోసో, మోనికాయో, లేక పేరు లేని ఆ స్త్రీయో నిర్ణయించుట కష్టము.

386 నాటికి బుద్ధికి కలిగిన సందేహములు తీరినవి. ప్లేటో సంప్రదాయపు గ్రంథములు చదివి, దేవుడు శరీరము లేనివాడనియు, చెడుగు ఒక ప్రత్యేకపదార్థము కాదనియు గ్రహించెను. పౌలు పత్రికలు చదువుచుండెను. తెలియవలసినది తెలిసెను. కాని తెలిసినంతమాత్రమున కాలు కదలలేదు. యౌవనమున ఇంద్రియనిగ్రహము ప్రసాదింపుమని వేడుచునే, ఆ వరము త్వరపడి లభించునేమోయని అతడు లోలోన భయపడెడివాడు. ఆ భయ మింకను పోలేదు.

ఆ వేసవిని స్వదేశీయుడైన పోంటిసియానసు అను రాజోద్యోగి ఇంటికి వచ్చి, బల్లపైనున్న పౌలు పత్రికను చూచి సంతోషించి, ఈజిప్టు ఎడారిలో తపస్సు చేసిన ఆంథోనీ వృత్తాంతము చెప్పెను. ఆ వృత్తాంతము చదివి ఇద్దరు రాజోద్యోగులు ఆ క్షణముననే కొలువు విడిచిరనియు చెప్పెను. అతడు వెడలినంతనే అగస్టీను మనస్సు కల్లోలమయ్యెను. చదువురానివారు స్వర్గద్వారము త్రోసికొని పోవుచుండగా చదివినవారము బురదలో పొర్లుచున్నామని మిత్రుడు అలీపియసుతో వాపోవుచు ఇంటి తోటలోనికి పోయెను. చేయి కదలవలెనని తలచినచో కదలును. మనస్సు మాత్రము తన ఆజ్ఞను తానే మీరుచున్నదేమని తల్లడిల్లెను. పాతకోరికలు వెనుకనుండి వస్త్రము పట్టిలాగినట్లు తోచెను. తన కాళ్లపై తాను నిలువజూచుటచేతనే పడిపోవుచున్నానని తుదకు తెలిసినది. మిత్రుని విడిచి దూరముగా పోయి, అత్తిచెట్టుక్రింద పడి ఏడ్చెను.

అంతలో పొరుగింటినుండి ఒక పసిగొంతు వినవచ్చెను. బాలుడో బాలికయో తెలియదు. తీసికొని చదువుమను అర్థము గల మాటలను పాటవలె మరల మరల పలుకుచుండెను. పిల్లల ఆటలో అట్టి పాట అతడెన్నడును విని యెరుగడు. అది తనకు దైవమంపిన ఆజ్ఞయని తలచి, మిత్రునివద్ద విడిచిన పుస్తకము తెరచి, కన్నుపడిన చోట చదివెను. రోమీయులకు పౌలు వ్రాసిన పత్రికలో, విషయలోలత్వము విడిచి క్రీస్తును వస్త్రమువలె ధరింపుమని బోధించు భాగమది. అంతకు మించి చదువలేదు. చదువ నవసరము లేకపోయెను. మన శాస్త్రములు అరిషడ్వర్గమును జయింపుమనును. తోటలో జరిగినది జయము కాదు. జయింపలేనని ఒప్పుకొన్న క్షణమున పట్టు సడలెను. వివాహపు తలంపును, పదవీవాంఛయు ఒక్కసారే జారిపోయెను. లోపలికి పోయి తల్లికి చెప్పగా ఆమె ఆనందమునకు మేర లేకపోయెను.

ఆర్భాటముగా రాజీనామా ఇచ్చుటకు కూడ అతడిచ్చగింపలేదు. అదియు పొగడ్తను కోరినట్లగునని శంకించెను. ద్రాక్షకోతల సెలవులకు ఇరువది దినములే యున్నవి. అంతవరకు పాఠములు చెప్పి, ఊపిరితిత్తుల జబ్బును కూడ కారణముగా చూపి పదవి విడిచెను. 387వ సంవత్సరము ఈస్టరు పండుగరాత్రి అగస్టీను, అలీపియసు, పదునైదేండ్ల అడియోడాటసు ముగ్గురును ఆంబ్రోసుచేత బాప్తిస్మము పొందిరి.

స్వదేశమునకు పోవుటకై రోమునకు రేవైన ఓస్టియా చేరిరి. అచట ఒకనాడు తల్లియు కుమారుడును తోటవైపు కిటికీకి ఆనుకొని పరలోకజీవితమును గూర్చి మాటలాడుకొనిరి. కొన్ని దినములకే మోనికాకు జ్వరము తగిలెను. భర్త సమాధిచెంతనే తన సమాధి యుండవలెనని ఆమె ఎన్నియో యేండ్లుగా స్థలము సిద్ధపరచుకొనియుండెను. ఇప్పుడు ఆ ఒక్క కోరికయు ఆమెనుండి తొలగిపోయెను. దేహము నెచటనైన పాతిపెట్టుడనియు, దేవునికి దూరమైన చోటు లేదనియు చెప్పి 56వ యేట కన్నుమూసెను. ఆమె సమాధిఫలకపు ఖండ మొకటి 1945లో ఓస్టియాలో నేల త్రవ్వుచుండగా బయల్పడినది. తల్లిని సమాధి చేయునపుడు కుమారుడు కన్నీరు నిగ్రహించుకొనెను. నిద్రించి లేచిన పిదప ఒంటరిగా తనివితీర ఏడ్చెను.

388లో ఆఫ్రికా చేరి, తండ్రియాస్తిని విడిచి, మిత్రులతో టాగస్టేలో ఆశ్రమజీవిత మారంభించెను. తండ్రికొడుకుల సంభాషణరూపమున ఉపాధ్యాయుడు అను గ్రంథము వెలువడినది అచటనే. అందు కుమారుడు పలికిన తలంపులన్నియు నిజముగా వానివేయని అగస్టీను సాక్ష్యమిచ్చెను. ఆ బాలుని ప్రతిభ చూచి తండ్రియే భయపడెడివాడు. కొలదికాలమునకే అడియోడాటసు మరణించెను. ఆ శోకమును గూర్చి తండ్రి కొలదిమాటలలో ముగించెను. ఆ బిడ్డను గూర్చి ఇక భయపడ నక్కరలేదని వ్రాసిన తండ్రి గుండె ఎట్లుండెనో పుత్రవియోగ మెరిగినవారే ఊహింపవలెను.

పీఠాధిపతులు లేని ఊళ్లకు పోయినచో జనులు తనను పట్టుకొందురని భయపడి అట్టి ఊళ్లకు పోకుండెను. 391లో హిప్పో నగరమునకు పోయెను. అచట వలేరియసు అను వృద్ధుడు పీఠమున నున్నాడు గదా యని ధైర్యము. సహాయకుడైన గురువు కావలెనని వలేరియసు దేవాలయమున చెప్పగనే జనులు అగస్టీనును పట్టి ముందునకు నెట్టిరి. అతడు ఏడ్చెను. పెద్దపదవి ఇయ్యక చిన్నపదవి ఇచ్చినందులకు ఏడ్చుచున్నాడని తలచి కొందరు ఓదార్చిరట! సుమారు 395లో పీఠాధిపతిత్వమును సంక్రమించెను. ఇంట భోజనము, వస్త్రము అందరికిని ఉమ్మడి. గరిటెలు మాత్రమే వెండివి. తక్కిన పాత్రలు మట్టివి, కొయ్యవి, పాలరాతివి. బందీలను విడిపించుటకై దేవాలయపు పాత్రలను కూడ కరగించెను.

397 మొదలు వ్రాసిన కన్ఫెషన్సు అను గ్రంథపు పేరునకు లాటినులో తప్పొప్పుకొనుట, స్తుతించుట అను రెండర్థములును కలవు. గతపాపములు చెప్పుకొనుట పెద్దకష్టము కాదు. మారినవానికి అది ఒక అలంకారముగా కూడ నుండును. ఆ గ్రంథమున పదవభాగము అపూర్వమైనది. పీఠమున కూర్చుండియున్న ఆనాటి తన మనఃస్థితిని అందు వివరించెను. పాతదృశ్యములు కలలలో ఇంకను వచ్చుచున్నవి. ఆకలికి అన్నమును మందువలె తినవలెనని కూర్చుండగా రుచి వెంటవచ్చి కూర్చుండును. కీర్తనలు వినునపుడు అర్థమును విడిచి మనస్సు రాగమువెంట పోవును. బల్లి ఈగను పట్టుట చూచుచు ప్రార్థన మరచును. అన్నిటికంటె కఠినమైనది పొగడ్త: పొగడ్తను నిరసించుచున్నానను గర్వము కూడ పొగడ్తయే. భక్తులు పూజింపదలచిన పురుషుడు తన బలహీనతలను వర్తమానకాలమున వ్రాసి వారిచేతికిచ్చెను. తాను కోలుకొనిన రోగినే గాని వైద్యుడను కానని ఆ గ్రంథపు స్వరము.

ఈ భావమే పెలాజియసు అను సన్న్యాసికి కోపము తెప్పించెను. మనుష్యుడు సంకల్పించినచో ధర్మము నాచరింపగలడు. చేయలేనని దేవునిపై భారము వేయుట సోమరితనమునకు దారి యని ఆయన వాదము. ఇందులో బలము లేకపోలేదు. అగస్టీను బదులు ఆ తోటనుండి పుట్టినది: సంకల్పమే చీలియున్నప్పుడు సంకల్పింపుమన్న నేమి ప్రయోజనము? ఆ వివాదము ఇరువది యేండ్లు సాగి వార్ధక్యమున ఆయన మాటను కటువుగా చేసెను. దొనేటసు వర్గమువారిని మూలసంఘమున చేర్చుటకు ప్రభుత్వబలప్రయోగమును సమర్థించుటయు ఆయన కీర్తికి మచ్చయే. తన హృదయమును బలవంతముగా మార్చుకొనలేకపోయినవాడు ఇతరుల విషయమున దాని నంగీకరించుట విచారకరము.

410లో గోతులు రోమును కొల్లగొట్టిరి. కాందిశీకులు ఆఫ్రికాకు వచ్చిరి. శాశ్వతమని నమ్మిన నగరము కూలినందులకు క్రైస్తవమతమే కారణమని నిందించినవారికి బదులుగా 413 మొదలు 426 వరకు దైవనగరము అను 22 భాగముల గ్రంథము రచించెను. తన్ను తాను ప్రేమించుకొను నగరము, దేవుని ప్రేమించు నగరము అను రెండును లోకమున కలసియే యున్నవని అందలి ప్రధానవిషయము.

ఆ పరీక్ష తన ఊరికే వచ్చెను. 429లో వాండలులు సముద్రము దాటి ఆఫ్రికాలో ప్రవేశించిరి. 430లో హిప్పోను ముట్టడించిరి. మూడవనెలలో అగస్టీనుకు జ్వరము వచ్చెను. పశ్చాత్తాపము తెలుపు దావీదు కీర్తనలను వ్రాయించి, మంచమునకు ఎదుటి గోడకు తగిలింపించెను. వైద్యులును, భోజనము తెచ్చువారును తప్ప ఎవ్వరును రాకూడదని నియమించి, సుమారు పది దినములు ఆ కీర్తనలు చదువుచు కన్నీరు కార్చెను. ఆగస్టు 28వ తేదీన, 75 ఏండ్లు నిండినవాడై మరణించెను. ఆస్తి లేదు గనుక మరణశాసనము వ్రాయలేదు. దేవాలయపు గ్రంథాలయమును భద్రముగా కాపాడుడని మాత్రము చెప్పెను. తరువాత నగరమును ప్రజలు విడిచిపోయిరి, శత్రువులు తగులబెట్టిరి. ఆ పుస్తకములు మాత్రము మిగిలినవి.